మరిగే జావలో వేసిన ఎంజైము

పోయిన ఎండాకాలం చివర్లో, చంద్రగిరికి ఇవతల మాకున్న చిన్న పందుల షెడ్డులో, పాలు మాన్పించిన రెండు ఈతల పిల్లలు ఒకదాని వెంట ఒకటి పారడం మొదలుపెట్టాయి. మొత్తం పందొమ్మిది పిల్లలు, తల్లుల నుంచి వేరు చేసి అప్పటికి నాలుగు రోజులే అయింది. పేడ నీళ్లలా, లేత పసుపు రంగులో పడుతుండేది. తోకల కింద చర్మం ఎర్రబడింది. తొట్టి దగ్గరకు వచ్చి, మేత వాసన చూసి వెనక్కు వెళ్లిపోయేవి. పట్నంలో దాణా, మందులు అమ్మే ఒక దుకాణంలో సంగతి చెబితే, "అరుగుదల లేకనే ఇట్లయితా ఉండాది సార్, ఎంజైమ్ వేసేయండి" అని ఒక కిలో పొట్లం చేతిలో పెట్టారు. ఇంటికి రాగానే, పొయ్యి మీద కుతకుత ఉడుకుతున్న నూకల జావలో రెండు గరిటెల పొడి వేసి కలియబెట్టాను. షెడ్డు పనంతా చూసుకునే మా మామ (వరసకు మామ, వయసు డెబ్బై దాటింది) అది చూసి, "ఏమబ్బోడా, మరిగే పాలల్లో ఎవురన్నా తోడేస్తారా?" అన్నాడు.

నేను విననట్టు ఊరుకున్నాను. వారం రోజులు అలాగే వేశాను. పారుడు తగ్గలేదు, రెండు పిల్లలు చనిపోయాయి. చివరకు పశువైద్యుడు వచ్చి, ముందుగా ఒంట్లో పోయిన నీటిని, లవణాలను పూడ్చే పని మొదలుపెట్టి, ఆ తరువాత మేత గురించి అడిగారు. పొడిని ఎప్పుడు కలుపుతున్నానో చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు కానీ, మా మామ అన్న మాటనే మరో రకంగా చెప్పారు. అప్పటి నుంచి ఈ ఎంజైముల సంగతి కాస్త శ్రద్ధగా చదివి, అడిగి, చూసి తెలుసుకున్నదాన్ని ఇక్కడ రాసిపెడుతున్నాను.

తోడులో ఉండేవి ప్రాణమున్న సూక్ష్మజీవులు, ఎంజైముకు ప్రాణం లేదు. అది మేతను విడగొట్టి అరిగించే ఒక ప్రోటీన్. అయితే దాని పనితనమంతా అది ముడుచుకుని ఉన్న ఆకారంలోనే ఉంటుంది. గుడ్డులోని తెల్లసొన వేడికి గట్టిపడినట్టే ఎంజైము కూడా వేడికి ఆకారం చెడిపోతుంది, చల్లారిన తరువాత తిరిగి కుదుటపడదు. దాణాను గుళికలుగా చేసే ఫ్యాక్టరీలలో ఆవిరి వేడి 80 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, వారు వేడికి తట్టుకునేలా పూత పూసిన ఎంజైములను వాడతారు, లేకపోతే గుళికలు చల్లారాక ద్రవరూపంలో పైన చల్లుతారు. నేను కొన్న పొట్లం అటువంటిది కాదు. మెత్తటి పొడి దాణాలో కలపడానికి ఉద్దేశించిన మామూలు రకం అది. నూరు డిగ్రీల జావలో అర నిమిషం ఉన్నా దానిలో మిగిలేది కొద్దిపాటి ప్రోటీన్ మాత్రమే. అంటే ఆ వారమంతా నేను పిల్లలకు చాలా ఖరీదైన ప్రోటీన్‌ను చాలా కొద్దిగా తినిపించాను.

మాట వినడం వేరు, కంటితో చూడటం వేరు. మా ఇళ్లలో పసిపిల్లలకు రాగి మాల్ట్ చేసే పద్ధతి చాలామందికి తెలిసిందే: రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి పిండి పట్టిస్తారు. మొలకెత్తే గింజ తనలోని పిండిపదార్థాన్ని తానే కరిగించుకోవడానికి అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేసుకుంటుంది, చిరుధాన్యాల్లో రాగి మొలకలకు ఈ గుణం బాగా ఎక్కువ. అమ్మ దగ్గర ఆ పిండి ఉంటే తీసుకుని రెండు గిన్నెల్లో చిక్కటి నూకల జావ పోశాను. రెండింటినీ చేయి పెట్టగలిగినంత గోరువెచ్చగా చల్లార్చాను. ఒకదానిలో చెంచాడు మాల్ట్ పిండిని ఉన్నదున్నట్టే వేశాను. రెండవ దానిలో అంతే పిండిని ముందుగా నీళ్లలో బాగా మరిగించి, చల్లార్చి వేశాను. పావుగంట తిరిగేసరికి మొదటి గిన్నెలోని జావ గరిటె నుంచి మజ్జిగలా జారుతోంది. రెండవది వేసినప్పుడు ఎంత చిక్కగా ఉందో అంతే చిక్కగా, గరిటెకు అంటుకునే ఉంది. మామ రెండు గిన్నెలూ వంచి చూసి ఏమీ అనలేదు, నాకూ అనిపించుకోవాలని లేదు.

ఇక అసలు ప్రశ్న, పంది పిల్లకు బయటి ఎంజైములు ఎందుకు కావలసి వస్తాయన్నది. పాలు తాగే పిల్ల కడుపు పాల కోసమే అమరి ఉంటుంది. పాలలోని చక్కెరను విడగొట్టే లాక్టేజ్ పుట్టిన నాటి నుంచే సమృద్ధిగా ఉంటుంది. గింజల్లోని పిండిని విడగొట్టే అమైలేజ్, మాల్టేజ్ వంటివి మాత్రం వయసుతో పాటు, కొంత తినే మేతను బట్టి, మెల్లగా పెరుగుతాయి. పిల్ల కడుపులో ఆమ్లం కూడా తక్కువగానే తయారవుతుంది. పాలు తాగినన్నాళ్లు లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు పాల చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చి ఆ లోటును భర్తీ చేస్తాయి. పాలు ఆగిపోయిన రోజు ఈ ఏర్పాటు కూడా ఆగిపోతుంది. ప్రోటీన్‌ను జీర్ణం చేసే పెప్సిన్ బాగా పనిచేయాలంటే కడుపులో పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 2 నుంచి 3.5 మధ్య ఉండాలి, కొత్తగా పాలు మానిన పిల్లల్లో అది 4కు పైనే ఉండిపోతుంటుంది. పైగా తల్లిని, తోబుట్టువులను, పరిచయమైన గదిని ఒక్కసారిగా వదిలిన పిల్ల మొదటి ఒకటి రెండు రోజులు సరిగా తినదు. ఆ పస్తుకే చిన్న పేగు లోపలి గోడ మీద మెత్తటి తువ్వాలు నూలులా ఉండే చూషకాలు కుంచించుకుపోతాయి, క్లోమం నుంచి వచ్చే ఎంజైములు కూడా వారం పది రోజుల పాటు తగ్గుతాయి. సరిగ్గా ఆ వారంలోనే మనం దాని ముందు మొక్కజొన్న, తవుడు, నూనె గింజల చెక్క కలిపిన దాణా పెడతాం.

జీర్ణం కాని పిండి, ప్రోటీన్ పెద్దపేగులోకి జారిపోతే అక్కడి సూక్ష్మజీవులకు పండగే. ప్రోటీన్ కుళ్లి అమోనియా, అమైన్లు పుడతాయి. ఈ.కోలైలో విషం పుట్టించే రకాలు చిన్న పేగు గోడకు అంటుకుని ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతాయి. పాలు మాన్పించిన తరువాతి పారుడు చాలా వరకు ఇలా మొదలయ్యేదే. ఐరోపాలో మూడు నాలుగు వారాలకే పాలు మాన్పిస్తారు కాబట్టి ఈ సమస్య అక్కడ ఇంకా తీవ్రం. మా వైపు 42 నుంచి 56 రోజుల మధ్య మాన్పించడం వాడుక, అందువల్ల మన పిల్లలకు కొంత వెసులుబాటు ఉంది. నేను ఆ వెసులుబాటును కూడా పాడు చేసుకున్నాను, ఎందుకంటే పాలు తాగే రోజుల్లో పిల్లలకు మేత అలవాటు చేయనే లేదు. పది, పదిహేను రోజుల వయసు నుంచే రోజూ గుప్పెడు చొప్పున పిల్లల దాణా చల్లి ఉంటే, ఎంతో కొంత కొరికి, నమిలి, వాటి క్లోమం గింజల పిండికి అలవాటు పడి ఉండేది. పొట్లం కొనడానికి ముందు చేయవలసిన పని అది.

పొట్లం మీద వరుసగా ఏడెనిమిది పేర్లు ఉన్నాయి: అమైలేజ్, ప్రోటియేజ్, లైపేజ్, సెల్యులేజ్, జైలనేజ్, ఫైటేజ్, పెక్టినేజ్. ఎన్ని పేర్లుంటే అంత మంచిదని అమ్మేవారు అంటారు. నా అనుభవంలో మాత్రం పేర్ల సంఖ్య కంటే, ఒక్కొక్కటి ఎన్ని యూనిట్లు ఉందో రాశారా లేదా అన్నదే ముఖ్యం. ఎంజైమును గ్రాముల్లో కొలిస్తే అర్థం ఉండదు, అది చేసే పనిని బట్టి యూనిట్లలో కొలవాలి. యూనిట్లు రాయని పొట్లం, శాతం రాయని యూరియా బస్తా వంటిదే.

వీటిలో నేను మొదట లెక్క తీసుకున్నది ఫైటేజ్. గింజలు, చెక్కల్లోని భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే కట్టుగా ఉంటుంది, తవుడులో ఈ వాటా ఇంకా ఎక్కువ. పంది ఒంట్లో ఆ కట్టును విప్పే ఎంజైము చాలా తక్కువ, కాబట్టి తిన్న భాస్వరంలో అధిక భాగం పేడలోకి పోతుంది. అంతటితో ఆగకుండా ఫైటేట్ జింకును, ఇనుమును, సున్నాన్ని, కొంత ప్రోటీన్‌ను కూడా తనతో పట్టుకుపోతుంది. నెదర్లాండ్స్ వంటి దేశాల్లో పందుల పేడ నుంచి నేలలోకి, నీళ్లలోకి చేరే భాస్వరం పెద్ద సమస్య అయిన రోజుల్లో, 1991లో తొలి వాణిజ్య ఫైటేజ్ మార్కెట్లోకి వచ్చింది. ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు నుంచి తీసిన ఎంజైము అది. మామూలుగా కిలో దాణాకు 500 యూనిట్లు వేస్తారు. గ్రాముకు 5,000 యూనిట్లున్న పొడి అయితే టన్నుకు 100 గ్రాములు, మా వంటి వారు ఒకసారి కలిపే క్వింటాలుకు 10 గ్రాములు చాలు. నేను జావలో వేసిన రెండు గరిటెలు ఏ లెక్కకూ అందవు.

ఆ పది గ్రాములను నూరు కిలోల్లో సమంగా కలపడమే అసలు కష్టం. మొదట్లో దాణా కుప్ప మీద చల్లి పారతో రెండుసార్లు తిప్పేవాణ్ని. ఒక పిల్లకు మొత్తం, ఇంకో పిల్లకు శూన్యం దక్కే పద్ధతి అది. ఇప్పుడు బంగారం తూచే రకం చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద 10 గ్రాములు తూచి, ముందు కిలో తవుడులో చేత్తో నలిపి కలుపుతాను. ఆ కిలోను పది కిలోల మొక్కజొన్న పిండిలో, ఆ పదకొండు కిలోలను టార్పాలిన్ మీద పరిచిన మిగతా దాణాలో కలిపి, టార్పాలిన్ నాలుగు మూలలను ఒకదాని తరువాత ఒకటి ఎత్తి దొర్లిస్తాం. మూలకు పదిసార్లు. మామకు ఇది నచ్చిన పని, అన్నం కలిపినట్టు కలపాలంటాడు. ఫైటేజ్ వేస్తున్నప్పుడు సున్నపురాయి పొడిని మాత్రం చేతికొచ్చినంత వేయకూడదు. కాల్షియం ఎక్కువైతే ఫైటేట్ దానితో ముడిపడి ఎంజైముకు చిక్కదు, కడుపులోని కొద్దిపాటి ఆమ్లాన్ని కూడా ఆ సున్నమే తాగేస్తుంది. నేను బలం కోసమని పిల్లల దాణాలో పెద్ద పందులకు వేసినంత సున్నపురాయి పొడి వేసేవాణ్ని.

తవుడు గోడల్లో అరాబినోజైలాన్ అనే పీచు ఉంటుంది, దాని మీద పనిచేసేది జైలనేజ్. కాబట్టి తవుడు, గోధుమ పొట్టు ఎక్కువగా వేసేవారికి దానితో ప్రయోజనం ఉండే అవకాశం ఉంది. కొబ్బరి చెక్క, గోరుచిక్కుడు గింజల చెక్క వేసేవారికి మాననేజ్. బార్లీ మా వైపు దాణాల్లో లేదు కాబట్టి దాని పీచు మీద పనిచేసే బీటా గ్లూకనేజ్ గురించి తల పట్టుకోనక్కరలేదు. మొక్కజొన్న, సోయా చెక్క మీదే నడిచే దాణాలో ఇటువంటి పీచు ఎంజైముల ఫలితాలు ఒక చోట బాగుండి, ఇంకో చోట తేడాయే కనిపించకుండా ఉన్నాయని పరిశోధనలు చదివినవారు చెబుతారు. ఫైటేజ్ విషయంలో ఆ అనుమానం లేదు. నా మట్టుకు, ఒకే ఎంజైము కొనగలిగితే ఫైటేజ్ కొంటాను, రెండవది కొనాలంటే ఆ నెల దాణాలో తవుడు ఎంతో చూసుకుని నిర్ణయిస్తాను.

ఎంజైములు చేయలేని పనులు కూడా ఉన్నాయి. మా ప్రాంతంలో వేరుశనగ చెక్క సులువుగా దొరుకుతుంది, ప్రోటీన్ కూడా దండిగా ఉంటుంది. కానీ దానిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. లేని లైసిన్‌ను ఏ ప్రోటియేజూ పుట్టించలేదు. బూజు పట్టిన చెక్కలోని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని మనం వేసే అరుగుదల పొడి ఏమీ చేయలేదు. జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల నుంచి తోతాపురి మామిడి తొక్కలు, టెంకలు ట్రాక్టర్ల కొద్దీ బయటకు వస్తాయి. తొక్కల్లో పెక్టిన్ ఉంటుంది, పొట్లంలో పెక్టినేజ్ ఉంది కాబట్టి పిల్లలకు వేయవచ్చునని ఒక మిత్రుడు వాదించాడు. పెద్ద పందులకు తొక్కలు కొంతవరకు సరే. టెంక లోపలి జీడిలో టానిన్లు ఉంటాయి, అవి ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. ఎంజైమూ ప్రోటీనే కదా, దాన్నీ పట్టుకుంటాయి. పాలు మానిన పిల్లల మీద ఆ ప్రయోగం నేను చేయదలచుకోలేదు.

అన్నిటికంటే నాకు ఎక్కువ నేర్పింది పేడే. ఒక ఉదయం కొంచెం గట్టిపడిన పేడను పాత టీ వడపోతలో వేసి, కుళాయి కింద మెల్లగా కడిగాను. జిగురంతా పోయాక జాలి మీద మిగిలినవి మొక్కజొన్న తునకలు, కొన్ని సగం గింజంత ఉన్నాయి, పసుపు రంగు కూడా పోలేదు. మిల్లులో మాకు పట్టి ఇచ్చే జల్లెడ పెద్ద కన్నులది. పెద్ద పందులకు పట్టినట్టే పిల్లలకూ పట్టించేవాణ్ని. ఎంజైము గింజ పైభాగాన్ని తాకగలదు కానీ లోపలికి దారి చేసుకోలేదు, ఆ దారి మిల్లే చేయాలి. చిన్న కన్నుల జల్లెడ వేయించి, నూకలను, కొంత మొక్కజొన్న పిండిని ఉడికించి పెట్టడం మొదలుపెట్టిన తరువాత వడపోతలో తునకలు బాగా తగ్గాయి. ఉడికిన బియ్యపు పిండి పిల్ల కడుపుకు తేలికని మన పసిపిల్లలకు గంజి పోసే ఇళ్లలో వేరే చెప్పనక్కరలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి తవుడు గురించి ఒక మాట. తవుడులోనే ఒక లైపేజ్ ఉంటుంది. బియ్యం దంపిన మరుక్షణం నుంచి అది తవుడులోని నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది, కొద్ది రోజుల్లోనే తవుడు మక్కిన నూనె వాసన వేస్తుంది. శ్రీకాళహస్తి వైపు మిల్లుల నుంచి చవగ్గా వస్తుందని నెలకు సరిపడా బస్తాలు వేయించుకునే అలవాటు నాకు ఉండేది. ఎంజైము పేరు వింటే మేలే అనుకునేవారు ఆ బస్తా మూతి విప్పి ఒకసారి వాసన చూడాలి. ఇప్పుడు పిల్లల దాణాకు వారానికి సరిపడా మాత్రమే తాజా తవుడు తెస్తున్నాను, లేదా నూనె తీసిన తవుడు వాడుతున్నాను.

పారుడు కనిపించగానే యాంటిబయాటిక్ పొడి నీళ్లలో కలిపే అలవాటు మా చుట్టుపక్కల ఇంకా ఉంది, నేనూ చేశాను. ఐరోపా సమాఖ్య 2006 నుంచి ఎదుగుదల కోసం దాణాలో యాంటిబయాటిక్‌లు వేయడాన్ని నిషేధించింది. 2022 జూన్ నుంచి పారుడు ఆపేందుకు మందు మోతాదులో వేసే జింక్ ఆక్సైడ్‌ను కూడా ఆపేసింది. మన దేశంలో 2019లో ఆహారానికి పెంచే జంతువులకు కొలిస్టిన్ ఇవ్వడాన్ని నిషేధించారు. మనుషులకు చివరి అస్త్రంగా మిగిలిన మందు అది. ఎంజైములు, ఆమ్లాలు, మేలు చేసే సూక్ష్మజీవుల పొడులు ఇంతగా మార్కెట్లోకి రావడానికి ఈ నిషేధాలు ఒక పెద్ద కారణం. కానీ రోగం వచ్చి నీరసించిన పిల్లకు ఎంజైము మందు కాదు. దానికి నీళ్లు, లవణాలు, వెచ్చని పొడి నేల, వైద్యుడు కావాలి. ఆ తేడా తెలియక నేను పోగొట్టుకున్న వారమే ఆ రెండు పిల్లల ప్రాణం తీసిందని ఇప్పటికీ అనుకుంటాను.

పొట్లాన్ని ఎక్కడ ఉంచాలన్నది ఇంకో తగాదా. మేలో మా రేకుల షెడ్డులో మధ్యాహ్నం నిలబడలేం. అటువంటి చోట మూతి విప్పిన పొడి నెల రోజులుంటే, దాని మీద రాసిన యూనిట్లు కాగితం మీదే ఉంటాయి. ఫ్రిజ్‌లో పెడతానంటే అమ్మ ఒప్పుకోలేదు, పందుల పొడి పాల పక్కన ఉండడానికి వీల్లేదంది. నిజానికి ఫ్రిజ్ అవసరం కూడా లేదు. ఇంట్లో ఎండ తగలని అటకకింద గూట్లో, గాలి చొరబడని స్టీలు డబ్బాలో పెడుతున్నాను. చిన్న పొట్లాలే కొంటున్నాను.

మా పందులు చాలావరకు లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే విదేశీ జాతి రక్తం కలిసినవి. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో తయారైన ఎస్‌వీవీయూ టీ-17 రకంలో ఆ రక్తం 75 శాతం, దేశవాళీ 25 శాతం ఉంటుంది. త్వరగా పెరిగే గుణమున్న పిల్లకు దాణా లోపం కూడా త్వరగానే తగులుతుంది, ఊర్లో తిరిగే నల్ల పంది పిల్లతో దీన్ని పోల్చుకుని లాభం లేదు.

ఆ తరువాతి రెండు ఈతల పిల్లలు పాలు మానాక పెద్దగా పారలేదు. ఇది ఎంజైము గొప్పతనమని రాయాలని ఉంది కానీ రాయలేను. మేత ముందుగా అలవాటు చేయడం, జల్లెడ మార్చడం, తవుడు తాజాగా తేవడం, సున్నం తగ్గించడం, ఫైటేజ్ వేయడం అన్నీ ఒకేసారి చేశాను, అందులో ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పే మార్గం లేదు. ఈ నెలాఖరుకు మూడు పందులు ఈనాలి. ఈసారి ఒక్కో ఈతలోని పిల్లలను బరువు చూసి రెండు జట్లుగా విడగొట్టి, చెవులకు గుర్తులు వేసి, ఒకే దాణాలో ఒక జట్టుకు మాత్రమే ఎంజైము కలిపి పెట్టాలని నిర్ణయించుకున్నాను. వారానికోసారి తూకం, రోజూ పేడ చూసి నోటు పుస్తకంలో రాయడం నా పని. జావ చల్లారిందో లేదో ముంజేయి ముంచి చూడటం మామ పని. ఆయన "తోడుకు సరిపోతాది" అంటేనే నేను డబ్బా మూత తీస్తాను. రెండవ జట్టుకు పొడి వేయబోమని చెప్పినప్పుడు మాత్రం ఆయన ఒప్పుకోలేదు. "అవేం పాపం చేసినాయబ్బోడా?" అంటున్నాడు, ఇంకా ఆ మాట మీదే ఉన్నాం.